మ్రొక్కిన స్త్రీ

ధ్యానభాగము: మత్తయి 15:21–28

తెలుగు భాషలో గౌరవమును తెలుపు మాటలకు కొదువ లేదు. గారు, అయ్యగారు, తమరు, దొరవారు అని ఎదుటివాని హోదాను తూచి పలుకుట మనకు వాడుక. ఎవరిని ‘మీరు’ అనవలెనో, ఎవరిని ‘నీవు’ అనవచ్చునో పిల్లవాడు బడికి పోకమునుపే నేర్చుకొనును. అట్టి భాషలో విశ్వాసి మోకరించి దేవునితో మాటలాడునప్పుడు ‘నీవు’ అనియే ప్రార్థించును. జిల్లా కలెక్టరును అట్లు పిలుచుటకు జంకు నోరు సర్వాధికారియైన దేవుని అట్లే పిలుచుచున్నది. అది అమర్యాదయని ఎవ్వరికిని తోచదు.

ఇది అనువాదకుల పొరపాటు కాదు. హెబ్రీ, గ్రీకు మూలములలో గౌరవార్థమైన ‘మీరు’ లేదు. అంతేకాదు, పోతన, అన్నమాచార్యులు మొదలైన తెలుగు భక్తకవులును తమ దైవమును ‘నీవు’ అనియే పిలిచియుండిరి గనుక, ఆ మాట తెలుగు చెవికి మోటుగా వినబడలేదు.

1878 జూలై 3న ఒంగోలు ప్రాంతమున వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అప్పటికి ఘోరమైన కరవు ఆ సీమను పీల్చివేసియుండెను. వారిలో అత్యధికులు మాదిగ పల్లెలవారు. ఊరి పెద్దల యెదుట చెప్పులు విడిచి, దూరమున నిలిచి ‘దొరా’ అని పలుకవలసిన కాలమది. వారిని పిలుచువారు మాత్రము ‘ఒరే’ అనుచుండిరి. అట్టివారు ప్రార్థనకు కన్నులు మూసినప్పుడు సృష్టికర్తను ‘నీవు’ అనిరి. కరణముచేత అర్జీ వ్రాయించుకొను పని లేదు. వాకిట నిలిచి పిలుపు కొరకు కాచుకొను పని లేదు. పుట్టినది మొదలు ఆ మాటను ఎరిగిన మనకు దాని బరువు తెలియుట కష్టము.

అయితే ఈ చనువు నిర్లక్ష్యము కాదు. వంగిన మోకాలితో పలికిన చనువది. క్రొత్త నిబంధనలో వందనమునకు విరివిగా వచ్చు గ్రీకు క్రియ ‘ప్రోస్కునేయో’. సాగిలపడి మ్రొక్కుట దాని భావము. మన తెలుగు బైబిలు ఈ ఒక్క క్రియకు తావునుబట్టి వేర్వేరు మాటలు వాడినది: తూర్పుదేశపు జ్ఞానుల యెడల పూజ, కుష్ఠరోగి యెడల మ్రొక్కు, సమరయ స్త్రీతో సంభాషణలో ఆరాధన. ఇందు తప్పు లేదు గాని, చదువరికి ఒక సంగతి మరుగగుచున్నది. మార్కు 15వ అధ్యాయములో ముండ్ల కిరీటము పెట్టి ప్రభువును అపహసించిన సైనికులు చేసినదియు ఈ క్రియయే. వారి మోకాళ్లు వంగినవి. వారు పలికిన రాజ బిరుదు సత్యమైనదే. ఆ నోటితోనే ఉమ్మివేసిరి.

నేటి ఆరాధనలలో ప్రారంభ ప్రార్థన ఒక్కొక్కప్పుడు విశేషణముల మూటయై, ఐదు నిమిషములు గడచినను విన్నపమునకు రాదు. వేదికపైనున్న పెద్దలకు చదువు బిరుదుల పట్టిక కొన్నిచోట్ల అంతకంటెను దీర్ఘము. ఆ బిరుదులు అబద్ధములని కాదు. కనాను స్త్రీ పలికిన బిరుదును అబద్ధము కాదు.

ఆమె మొదట దూరమునుండి ప్రభువనియు దావీదు కుమారుడనియు కేకవేసినది. అన్యురాలి నోట అది ఎంతో శ్రేష్ఠమైన పిలుపు. అయినను యేసు ఒక్క మాటయు బదులు చెప్పలేదు. ఆ మౌనమునకు వ్యాఖ్యాతలు పలు కారణములు చెప్పిరి. మత్తయి ఏ కారణమును చెప్పడు. శిష్యులకు ఆమె గోల విసుగు పుట్టించినది. తాను ఇశ్రాయేలులో తప్పిపోయినవారి యొద్దకే పంపబడితినని ప్రభువు చెప్పెను. అప్పుడామె దగ్గరకు వచ్చి మ్రొక్కినది. ఈసారి దావీదు పేరు లేదు. ప్రభువును పిలిచి సహాయము కోరినది, అంతే. గ్రీకులో మూడే మాటలు. పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వేయుట తగదని ఆయన అన్నప్పుడును ఆమె లేచిపోలేదు. ఆ మాటను ఒప్పుకొని, బల్ల క్రింద పడు ముక్కలను అడిగినది. మ్రొక్కితిని గనుక ఇక నోరెత్తరాదని ఆమె ఎంచలేదు. పెద్దల యెదుట మౌనమే వినయమని నేర్చినవారికి ఇది వింతగా తోచును. ఇంటియొద్ద బిడ్డ దయ్యముచేత బాధపడుచుండగా ఆ తల్లికి మౌనము ఎక్కడిది?

ఆయన ఆమెను గద్దింపలేదు. ఆమె విశ్వాసము గొప్పదని చెప్పి పంపెను. ఆమె ఇంటికి చేరునప్పటికి దయ్యము వదలిపోయి, కుమార్తె మంచముమీద పండుకొని యుండెనని మార్కు వ్రాసెను.