ఫోన్ చేస్తామన్నవారి ధర్మం

మా రంగంలో గీత చెప్పనివాడు లేడు. వేషం దక్కనివాడికి దక్కినవాడు చెబుతాడు. దక్కినవాడికి అంతకన్నా పెద్ద వేషం దక్కినవాడు చెబుతాడు. రెండో అధ్యాయం, 47వ శ్లోకం అని అంకెతో సహా చెప్పలేకపోవచ్చుగానీ, పని చెయ్యడం మన వంతు, ఫలితం మన చేతిలో లేదు అన్న సారం కో-డైరెక్టరు దగ్గర్నుంచి ప్రొడక్షన్‌లో టీ అందించే కుర్రాడి దాకా అందరికీ నోటికొచ్చు. పరిషత్తు నాటికల్లో, పద్యనాటకాల్లో, ఆ తరవాత టీవీ సీరియళ్లలో వేషాలు వేసుకుంటూ నేనూ ఈ మాట వింటూనే వచ్చాను. వినగా వినగా ఒక అనుమానం పట్టుకుంది. ఈ శ్లోకం అసలు నటులకు వర్తిస్తుందా?

కృష్ణుడు ఆ మాట అన్నప్పుడు, కింద పడేసినా, అర్జునుడి చేతికి అందేంత దూరంలో గాండీవం ఉంది. కింద రథం ఉంది. ఎదురుగా యుద్ధం సిద్ధంగా ఉంది. చెయ్యడమా, మానడమా అన్నదే ఆయన బాధ. రైతుకు కౌలుకైనా ఇంత చేను ఉంటుంది. పాటగాడు ఎవరూ పిలవకపోయినా తెల్లారుజామున లేచి సాధకం చేసుకుంటాడు. నటికి ఆ వీలు లేదు. ఎదుటి పాత్ర కావాలి, రాసినవాడు కావాలి, చూసేవాళ్లు కావాలి, అన్నిటికన్నా ముందు ‘రా’ అని పిలిచేవాడు కావాలి. అద్దం ముందు నిలబడి చేసుకునేదాన్ని నేను నటన అనను. ఫలం మీద అధికారం లేదంటారు, సరే. మాకు కర్మ మీదే అధికారం లేదు కదా! ఆ శ్లోకం మేం నిలబడ్డ చోటికి ఒక మెట్టు పైన మొదలవుతుంది. ఆ మెట్టు ఎక్కించేవాడి సంగతి అందులో లేదు.

నేను తెనాలి పక్క పల్లెటూరి దాన్ని. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలోనే. నాటిక పోటీలంటే మా వైపు ఇప్పటికీ జనం తెల్లవార్లూ కూచుంటారు. ఆడవాళ్లం తక్కువ కాబట్టి ఒక్కో నటి మూడు నాలుగు సమాజాలకు వేషం కడుతుంది. ఏడింటికి ఒక నాటికలో ముసలి తల్లి, పదకొండింటికి ఇంకో నాటికలో పెళ్లి కావలసిన పిల్ల. మధ్యలో చీర మార్చుకోవడానికి స్టేజి వెనకాల బడి గది. తలుపుకి గడియ ఉండదు కాబట్టి తోటి నటి దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడుతుంది. ఆ రాత్రికి రాత్రే బస్సెక్కి ఇంకో ఊరి పరిషత్తు. ఆ రోజుల్లో ఎవరూ గీత గుర్తుచెయ్యక్కర్లేదు. ఫలితం గురించి ఆలోచించే తీరికే ఉండదు. ఉత్తమ నటి అని పిలిచి జ్ఞాపిక చేతిలో పెడితే, బస్సులో దాన్ని ఎక్కడ పెట్టాలా అన్నదే సమస్య. మా ఇంటి అటక నిండా అవే. కర్రవి కాబట్టి పాతసామాన్ల వాడు కూడా ధర కట్టడు.

సీజన్ అయిపోయాక మొదలవుతుంది అసలు కథ. ఫోన్ మోగదు. మోగితే కరెంటు బిల్లు వాడో, చుట్టాలో. నిష్కామంగా ఉండటం ఎంత సులువో పని ఉన్నప్పుడు తెలుస్తుంది. పని లేనప్పుడు కోరిక తప్ప చేతిలో ఇంకేమీ మిగలదు.

అప్పుడు రెండో ఓదార్పు వస్తుంది. ‘దేవుడు పరీక్ష పెడుతున్నాడమ్మా’ అని. పరీక్ష సంగతి నాకు కొంచెం తెలుసు, ఎందుకంటే బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతిని చాలా ఊళ్లలో వేశాను. కాటి సీను వచ్చేసరికి రాత్రి రెండో మూడో అయ్యేది. హరిశ్చంద్ర పాత్రధారి జాషువా గారి పద్యాలు అందుకునేవాడు, జనం ‘ఒన్స్ మోర్’ అనేవాళ్లు, ఆయన మళ్లీ మొదలుపెట్టేవాడు. నా ఒళ్లో శవంగా పడుకున్న లోహితాస్యుడు నిజంగానే నిద్రపోయేవాడు. పాపం చిన్నపిల్లాడు, ఎంతసేపని? చివర్లో దేవతలు దిగొచ్చి బతికించినా లేచేవాడు కాదు. జనానికి కనపడకుండా గిల్లి లేపాల్సి వచ్చేది.

ఆ కథలో ఒక సదుపాయం ఉంది. పరీక్ష పెట్టినవాడు ఎవరో ప్రేక్షకులకు ముందే తెలుసు. వశిష్ఠుడితో పంతం పట్టిన విశ్వామిత్రుడు. తెల్లారేలోపు ఆయన వచ్చి ఇదంతా పరీక్షే అని ఒప్పుకుంటాడు, రాజ్యం తిరిగిస్తాడు. నటుల బతుకులో బాకీ కోసం వెంటబడే ఆయన శిష్యుడు నక్షత్రకుడు మాత్రమే ఉన్నాడు, ప్రతి నెలా ఒకటో తారీఖున అద్దె కోసం వస్తాడు. వెనకాల విశ్వామిత్రుడు ఉన్నాడో లేడో తెలీదు. ప్రశ్నపత్రం ఇచ్చినవాడు లేకుండా దాన్ని పరీక్ష అనడం నాకు మింగుడు పడదు. ఇంకో మాట కూడా చెప్పేస్తాను, భక్తులు క్షమించాలి. ఒక తల్లి ఒళ్లో బిడ్డ శవాన్ని పెట్టి మార్కులు వేసే పరీక్ష, చివరికి రాజ్యం తిరిగొచ్చినా సరే, న్యాయమైంది కాదు. ఆ వేషం వేసినన్నాళ్లూ నాకు లోపల ఈ గొణుగుడు ఉండేది. ఏడుపు బాగా రావడానికి అదీ ఒక కారణమేమో.

ఇక మూడోది, అన్నిటికన్నా చలామణీలో ఉన్నది, ‘రాసిపెట్టి ఉండాలి’. సినిమావాళ్లకు దీని మీద అపారమైన నమ్మకం. కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతారు, గుమ్మడికాయ కొట్టి ముగిస్తారు. ముహూర్తం నాడు తొలి షాట్ దేవుడి పటాల మీద తీస్తారు. తొలి వేషం ఆయనదే, ఆ షాట్ సినిమాలో ఉండదు. ఎడిటింగ్‌లో ఎగిరిపోయినవాళ్లలో ఆయన మాకందరికీ పెద్దన్న.

రాత అన్న మాటతో నాకు తగువు ఎక్కడంటే, గెలిచినవాడికి అది అలంకారం, ఓడినవాడికి తీర్పు. చిత్తూరు నాగయ్య గారి సంగతే తీసుకోండి. పోతన ఆయనే, వేమన ఆయనే. 1946లో సొంతంగా ‘త్యాగయ్య’ తీసి త్యాగరాజు తానే అయ్యారు. ఒకప్పుడు దక్షిణాదిలో అంత పారితోషికం తీసుకున్నవాళ్లు అరుదు. 1965లో పద్మశ్రీ వచ్చింది. అడిగినవాళ్లకు ఇచ్చారు, సొంత సినిమాలతో నష్టపోయారు, చివరికి దొరికిన చిన్న చిన్న వేషాలు వేసుకుంటూ 1973లో లేమిలోనే పోయారు. దీన్ని మావాళ్లు రెండు రకాలుగా చెప్పుకుంటారు. ఒకటి, ప్రారబ్ధం. రెండు, వేసిన వేషాలు ఒంటబట్టాయి, విరాగి అయిపోయారు. రెండూ వినడానికి బాగుంటాయి. రెండిట్లోనూ ఆయన దగ్గర తీసుకున్నవాళ్ల ప్రస్తావన ఉండదు. ప్రారబ్ధం అనగానే చుట్టూ ఉన్న మనుషులందరూ నిర్దోషులైపోతారు. ఆ సిద్ధాంతంలో లోతు ఉందేమో, నేను చదువుకున్నదాన్ని కాదు. దాన్ని మేం వాడుకునే తీరు మాత్రం నాకు బాగా తెలుసు.

శాస్త్రాలు నటుల పట్ల మొదట్నుంచీ రెండు నాలుకలతోనే మాట్లాడాయి. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో బ్రహ్మ నాలుగు వేదాల సారం తీసి నాట్యాన్ని ఐదో వేదంగా చేస్తాడు. చివరికొచ్చేసరికి భరతుడి కొడుకులు మునులను వెక్కిరిస్తూ ప్రదర్శన ఇచ్చి, కులం నుంచి జారిపోయేలా శాపం తింటారు. మా అనుభవమూ అంతే. దసరాలకు అమ్మవారి వేషం వేస్తే హారతి పట్టి కాళ్లకు దండం పెట్టిన ఇల్లాలే, పండగ వెళ్లాక ఇల్లు అద్దెకు అడిగితే ‘నాటకాలవాళ్లకు ఇవ్వమండీ’ అన్నది. ఆవిడను నేనేమీ అనను. ఆవిడ ఆ గ్రంథం మొదలూ చివరా రెండూ పాటించింది.

ఇన్నిట్లో నాకు నిజంగా పనికొచ్చింది ఒకటుంది. మాతో విశ్వామిత్రుడు వేసే మాస్టారు రిటైరైన తెలుగు పండితుడు. గడ్డం అంటించుకుంటూ వేదాంతం చెప్పేవారు. విద్యారణ్యుల ‘పంచదశి’లో పదో ప్రకరణం పేరే నాటకదీపం అని ఆయన దగ్గరే విన్నాను. నాట్యశాలలో దీపం వెలుగుతూ ఉంటుంది. సభాపతిని, సభ్యులను, నర్తకిని అందరినీ సమానంగా చూపిస్తుంది. అందరూ లేచి వెళ్లిపోయినా అలాగే వెలుగుతుంది. అహంకారం సభాపతి, విషయాలు సభ్యులు, బుద్ధి నర్తకి, ఇంద్రియాలు తాళం వేసేవాళ్లు, సాక్షిగా ఉన్న ఆత్మ దీపం. నేను నర్తకినని కదా ఇన్నాళ్లూ అనుకున్నాను! ‘నువ్వు నర్తకివీ కాదు, ముందు వరసలో కూచుని బాగుందా లేదా అని లెక్కలు వేసుకునే ఆ సభాపతివీ కాదమ్మా’ అన్నారు మాస్టారు. నటనలో నన్ను చెడగొట్టేది ఆ సభాపతేనని నాకు ఆ మాటతో అర్థమైంది. పద్యం ఎత్తుకున్నాక ‘ఈ రాగం బాగా పడింది’ అని లోపల ఒకడు సంతోషించాడా, తరవాతి పాదం తడబడి తీరుతుంది. వాడు నోరు మూసుకున్న రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ రాత్రులకు చప్పట్లు వచ్చాయో లేదో గుర్తు లేదు.

ఆ తరవాత హైదరాబాదు వచ్చి ఒక సీరియల్లో అమ్మమ్మ వేషం వేస్తుండగా, ఉన్నట్టుండి నా పాత్రను చంపేశారు. కారణం చెప్పలేదు. ఫొటో తీసి, ఫ్రేము కట్టి, దండ వేసి హాల్లో గోడకు తగిలించారు. ఆ సీరియల్ ఇంకా చాలాకాలం నడిచింది. కోడళ్లు పోట్లాడుకున్నప్పుడల్లా వెనకాల నేనే. మా ఊళ్లోవాళ్లు ఫోన్ చేసి ‘రోజూ కనపడుతున్నావే’ అనేవాళ్లు. ఫొటోకి పారితోషికం ఉండదు. మాస్టారికి చెబితే పగలబడి నవ్వి, ‘సాక్షివైపోయావు కదమ్మా’ అన్నారు. నేనూ నవ్వాను. ఆ నెల అద్దె మాత్రం మా తమ్ముడు కట్టాడు.

అంటే దీపం నాకు నటించేటప్పుడు పనికొచ్చింది. ఎదురుచూసేటప్పుడు పనికిరాలేదు. సభే జరగనప్పుడు, ఏది సభాపతి, ఏది నర్తకి అని విడదీసి చూడటానికి ఏముంటుంది? అందుకని నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఎదురుచూసేవాడికి వేదాంతం చెప్పడం మానెయ్యాలి. ఎదురుచూపు అతని మనసులోని లోపం కాదు. దానికి అవతల ఇంకో మనిషి ఉన్నాడు, ధర్మం అడగవలసింది వాడిని.

ఈ మాటకు ఆధారం భారతంలోనే దొరికింది. శాంతిపర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి ఆశ గురించి అడుగుతాడు. దుర్యోధనుడు న్యాయం చేస్తాడని పెట్టుకున్న ఆశ విరిగిన బాధ ఆయనది. అప్పుడు భీష్ముడు చెప్పిన కథలో తనువు అనే ముని వస్తాడు. చిటికెన వేలంత సన్నగా ఉంటాడు. కొడుకు తప్పిపోయి అడవులు పట్టి తిరుగుతున్న ఒక రాజు ఆయన్ను అడుగుతాడు, నీకన్నా కృశించినది లోకంలో ఏదైనా ఉందా అని. ఉంది, అంటాడు ముని. ఇస్తానని మాటిచ్చి, చేతనైనా చెయ్యనివాడి మీద పెట్టుకున్న ఆశ నాకన్నా కృశించినది. అలా మొదలుపెట్టి ఇంకా కొన్ని చెబుతాడు. నాకు ఆ ముని మా ఆఫీసుల వరండాల్లో, బెంచీల మీద, ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని కూచున్న వాళ్లందరిలోనూ కనిపిస్తాడు.

మా రంగంలో ‘లేదు’ అన్న మాట ఎవరూ అనరు. ‘ఫోన్ చేస్తామండీ’ అంటారు. అన్నవాడికి అది మర్యాద. విన్నవాడు స్నానానికి వెళ్లేటప్పుడు కూడా ఫోను బాత్రూము గుమ్మం దగ్గర పెట్టుకుంటాడు. చెల్లెలి పెళ్లికి ఊరు వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేడు. వేరే పనికి కుదిరితే ఈ పిలుపు పోతుందేమోనని కుదరడు. ఆశ పెట్టుకోవడం వాడి బలహీనత అని గీత చెప్పేవాళ్లు అంటారు. ఒక్క ఫోనుతో తేలిపోయే దాన్ని నెలల తరబడి నానబెట్టడం పాపాల జాబితాలో ఎందుకు లేదో నాకు తెలియదు. చిత్రగుప్తుడి దగ్గర కాల్ లిస్టు ఉంటే బాగుండును.

ఈమధ్య మా వైపు సమాజం ఒకటి పరిషత్తుకు నాటిక ఎత్తుకుంటే, పాత్రలకు మనుషులను ఎంచే పని నాకు అప్పగించారు. కుదరనివాళ్లకు ఆ సాయంత్రమే నేనే ఫోన్ చేసి చెప్పేశాను. ఒకరిద్దరు థాంక్స్ చెప్పారు. ఒకాయన పాత పరిచయం, మాటలు మానేశాడు. డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడికి ‘నీ గొంతు ఈ వేషానికి చాలదు బాబూ, వచ్చే ఏడాదికి కూడా నేను మాట ఇవ్వలేను’ అన్నాను. ‘సరే మేడమ్’ అని పెట్టేశాడు. పావుగంటలో వాళ్లమ్మ ఫోన్ చేసింది. వాడు అన్నం తినకుండా పడుకున్నాడట.

‘నాలుగు రోజులు ఆగి చూద్దాంలే బాబూ అంటే మీ సొమ్మేం పోయేదండీ? వాడికి ఉన్నదే ఆ ఒక్క ఆశ’ అంది.

ధర్మం అదీ ఇదీ అని ఆవిడకు ఏదో చెప్పబోయాను. ఆవిడ వినలేదు. తనువు అనే ముని కథ వాళ్లమ్మ వైపు నుంచి చెబితే ఎలా ఉంటుందో మాస్టారిని అడగాలి.