కంబళికి తొందర లేదు

లావు నూలు, లావు సూదులు ఉంటే మందపాటి ఉన్ని మేజోళ్లు త్వరగానే అల్లేయొచ్చు. మన అనంతపురంలో గొర్రెలు కాచే కురుబల కంబళికి ఆ తొందర తెలియదు. దక్కనీ గొర్రె నల్ల ఉన్ని కత్తిరించాలి, ఏకాలి, ఆడవాళ్లు వడకాలి, గుంట మగ్గం మీద నేయాలి. చింతగింజల గంజి పట్టిస్తేనే దానికి బిగువు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే కురిసే అనంతపురంలో, వానొస్తే గొర్రెల కాపరికి గొడుగదే, రాత్రికి దుప్పటదే, కూర్చుంటే చాపా అదే. కొత్తలో గుచ్చుకుంటుంది, అబద్ధమెందుకు! వాడేకొద్దీ మెత్తబడుతుంది. ఇప్పుడు మాంసం కోసం ఉన్నిలేని గొర్రె జాతులకే గిరాకీ ఎక్కువ. దాంతో మగ్గం గుంటలు పూడిపోతున్నాయి. సంతలో కంబళి కనబడితే, దయచేసి బేరమాడకండి.