తుపాకి ఎంపికయందు దయకు చోటున్నదా?

ధర్మమునకు దయయే మూలమని బసవేశ్వరుడు బోధించిన సంగతి మన యిండ్లలో పసిపిల్లలు సైతము ఎరుగుదురు. ఎరుగుట సులభమే. ఆ దయ ఎచ్చట మొదలగునో, ఎంతవరకు పోవలెనో నిర్ణయింపవలసి వచ్చినపుడు పెద్దలకును మాట తడబడును. ఇటీవల నాకట్టి సందర్భము కలిగినది.

నా మేనల్లుడొకడు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున చాల కాలముగ స్థిరపడియున్నాడు. ఇష్టలింగధారి, నిత్యపూజ తప్పనివాడు. అతనితో పనిచేయువారు కొందరు ఏటేట నవంబరు మాసమున కొండలలోనికి నల్ల ఎలుగుబంట్ల వేటకు పోవుదురు. ఈమారు అతనిని గూడ రమ్మనిరి. తగిన తుపాకిని తామే చూచి యిత్తుమనిరి. వారిలో వయోవృద్ధుడొకడు, తమ దయ యంతయు తుపాకిని ఎంచుకొనుటలోనే యున్నదని చెప్పినాడట. ఆ మాట మా వానికి నచ్చినది. నచ్చుటయే అతనిని కలతపెట్టినది. "మామా, అది నిజమేనా?" అని నాకు వ్రాసినాడు.

నేను తుపాకి పట్టినవాడను కాను. అయినను ఎదుటివాని మాటలోని సారము తెలియకయే కాదనుట న్యాయము కాదని తలచి, ఆ ఎంపిక ఎట్లు జరుగునో అతని లేఖల వలనను, చదివియు కొంత తెలిసికొంటిని.

అచ్చటి నల్ల ఎలుగుబంటి మన అడవులలోని చెదపురుగులను పీల్చి తిను ఎలుగుబంటి కాదు, వేరు జాతి. మనది వన్యప్రాణి సంరక్షణ చట్టము నీడలో నున్నది. అచ్చటి ప్రభుత్వమో ఋతువు నిర్ణయించి, అనుమతిపత్రమిచ్చి, పెన్సిల్వేనియాలో మనిషికి ఏడాదికొక జంతువును చంపనిచ్చును. ఎర వేసి రప్పించుట ఆ రాష్ట్రమున నేరము. మెయిన్ రాష్ట్రమున నేరము కాదు. అచ్చటి ప్రజలు 2004లోను, 2014లోను ఓటువేసియు దానిని మాన్పలేదు. కొలరాడో ప్రజలు 1992లో ఓటువేసి మాన్పిరి. ఈ విషయమున ఆ దేశస్థులలోనే ఏకాభిప్రాయము లేదన్నమాట.

మా వాని మిత్రులు వేటాడునది దట్టమైన పొదలలో. కొందరు వరుసగా నడచి పొదలను కదలించెదరు. కొందరు అవతల కాచియుందురు. జంతువు కనబడుట ఇరువది, ముప్పది గజముల దూరమున. అదియును రెండు మూడు క్షణములు. ఇట్టి చోట దూరము కొట్టు పొడుగు తుపాకి పనికిరాదు. అందుచేత మీట త్రిప్పి తూటా ఎక్కించు పొట్టి రైఫిలును అచ్చటివారు తరతరములుగ వాడుచున్నారు. 1894 నాటి వించెస్టర్ రైఫిలు అట్టిది. దాని కొరకు 1895లో వచ్చిన 30-30 తూటా నేటికిని వాడుకలో నున్నది. దాని గుండు సుమారు 11 గ్రాములు. అది చాలదనువారు 45-70 అను తూటాను కోరుదురు. అది 1873లో సైన్యము కొరకు పుట్టినది; మొదటి గుండు 26 గ్రాముల బరువు.

అంత బరువు ఏల? కారణము వినిన పిదప నాకు చాలసేపు మరియొక పని తోచలేదు. శీతకాలపు నిద్రకు ముందు ఆ జంతువు దండిగా మేసి కొవ్వు పట్టును. వెండ్రుకలు గుబురుగ పెరుగును. చిన్న గాయమైనచో కొవ్వు ఆ రంధ్రమును మూసివేయును. కారిన నెత్తురును వెండ్రుకలు పీల్చుకొనును. నేలమీద చుక్క పడదు. జాడ దొరకదు. వేటగాడు వెదకి వెదకి ఇంటికి పోవును. జంతువు ఏ పొద క్రిందనో రాత్రియంతయు చచ్చుచుండును. కావున గుండు ఒకవైపు దూరి రెండవవైపు వెలువడవలెనని అనుభవజ్ఞులు కోరుదురు.

ఇందులో మరియొక మెలిక గలదు. బరువైన తూటా భుజమును గట్టిగ తన్నును. ఆ తన్నునకు వెరచినవాడు మీట నొక్కునపుడు తెలియకయే కన్ను మూయును. గుండు గుండెకు పోక కడుపునకు పోవును. అట్టివానికి భయము లేక నిలకడగ పట్టగల 30-30 మేలని ఆ వృద్ధుడు చెప్పినాడట. బరువైన గుండు రెమ్మలను చీల్చుకొని తిన్నగా పోవునను నమ్మిక యొకటి వేటగాండ్రలో నున్నది. పరీక్షించి చూచినవారికి ఏ గుండైనను రెమ్మ తగిలినచో దారి తప్పుననియే తేలినది. పొద చాటున నున్న జంతువుపై ఆ నమ్మికతో కాల్చువాడు తన కోరికనే సత్యమనుకొనుచున్నాడు. దుర్భిణి సంగతియు నట్టిదే. ఎక్కువ పెద్దది చేసి చూపు దుర్భిణిలో దగ్గరి జంతువు నల్లని వెండ్రుకల ముద్దగ మాత్రమే కనబడును. అది భుజమో తొడయో తెలియదు.

శరణబంధువులారా, ఇవి చదువుచుండగా నాలోని తిరస్కారము కొంత కరగిపోయినదని దాచక చెప్పవలసియున్నది. ఆ వృద్ధుడు అసత్యము పలుకలేదు. గోడకు తగిలించి చూపుకొనుటకు తుపాకి కొనువాడొకడు. ఈ ప్రాణి ఎన్ని క్షణములు బాధపడునని లెక్కించి కొనువాడొకడు. ఇద్దరును ఒక్కటి కారు. తోళ్ళ పని చేసిన కక్కయ్యను, చెప్పులు కుట్టిన హరళయ్యను తమవారిగ హత్తుకొన్న శరణుల సంతతివారము, దూరమున నిలిచి వేటగానిని హీనునిగ చూచుట మనకు తగదు. మన చేతులు మాత్రము అంత నిర్మలమా? పూజకు మడి అని కట్టుకొను పట్టువస్త్రము కొరకు గూటిలోని పురుగులను వేడినీట చంపుచున్నారు. ఆ పురుగుల లెక్క మన యింట ఎవరు వేసినారు? ఈ మాట మా యింటివారికి రుచింపదు, అయినను వ్రాయుచున్నాను.

అయినచో వృద్ధుని మాటకు సరే యనవలెనా? అచ్చటనే నా మనస్సు ఆగినది. తుపాకి ఎంపిక "ఎట్లు చంపవలెను" అను ప్రశ్నకు జవాబు. "ఏల చంపవలెను" అను ప్రశ్నను అది తాకనే తాకదు. ఒక ఘడియ బాధను తగ్గింపవలెనని తలచినవాడు ఆ ప్రాణికి బాధ యున్నదనియు, ఆ బాధకు విలువ యున్నదనియు ఒప్పుకొన్నవాడే. ఒప్పుకొన్న పిదప దయను తుపాకి గొట్టము దగ్గర ఆగుమనుట ఎట్లు? ఘడియ బాధకు విలువ యున్నచో, ఆ జంతువు బ్రతుకవలసిన ఏండ్లకు విలువ లేదా?

తల్లి ఎలుగు సంగతి చూడుడు. కూనలు జనవరి ప్రాంతమున గుహలో పుట్టును. పుట్టినపుడు అరకిలో బరువైనను ఉండవు. ఆ ఏడంతయు తల్లి వెంట తిరిగి, రెండవ శీతకాలము గూడ తల్లితోనే గుహలో గడపును. నవంబరులో పొదలనుండి వెలువడు ఆడదాని వెనుక కూన లున్నవో లేవో రెండు క్షణములలో తెలియునా? ఈ విషయమున 30-30 యును 45-70 యును సమానమే.

ఆ వృద్ధుని యింట ఆ మాంసము చలికాలమంతయు ఆహారమగునట. జంతువుల సంఖ్య పెరుగకుండుటకు వేట అవసరమని ఆ రాష్ట్రపు వన్యప్రాణి శాఖ చెప్పుచున్నది. అది వారి వాదము. వారి నేలమీద వారు తేల్చుకొందురు. మా వానికి ఆ మాంసము అక్కరలేదు; కాపాడుకొనవలసిన పంట లేదు; అది అతని కాయకమును కాదు. ఒక అనుభవము కొరకు పోవుచున్నానని తానే వ్రాసినాడు. అనుభవమంటపము పేరు చెప్పుకొను మనము, ఒక ప్రాణమును వెలగ పెట్టి కొను దానిని అనుభవమని పిలుచుట నాకు కష్టముగ తోచినది.

ఇది వ్రాయగా అతడు చమత్కారముగ, కన్నప్ప వేటగాడు కాడా యని అడిగినాడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన భక్తుడు కదా! నిజమే. తిన్నడు బోయకులమున పుట్టి, వేటయే బ్రతుకైనవాడు. తనకు తెలిసిన ఆహారమునే దేవునికి తెచ్చి పెట్టినాడు. కాని శ్రీకాళహస్తి కొండ ఎక్కునపుడు మనము తలచునది అతడు కొట్టిన జంతువులను కాదు. లింగము కంట నెత్తురు కారుట చూచి తాళలేక, అంతవరకు మృగములపై ప్రయోగించిన బాణమునే తన కంటికి త్రిప్పుకొన్నాడు. ఎదుటి నెత్తురు తన నెత్తురుగ తోచిన ఆ గడియలో తిన్నడు కన్నప్ప యైనాడు. పెరటిలోనికి వచ్చి మీదపడు ఎలుగు సంగతి వేరు. ప్రాణరక్షణకు ఎవరును తప్పు పట్టరు. దానికైనను చెత్తడబ్బా మూసియుంచుట, మిరియపు మంట గల పిచికారి చేతనుంచుకొనుట ముందు చేయవలసిన పనులు. అలాస్కా అనుభవములను గూర్చి 2008లో ప్రచురితమైన పరిశీలనలో ఆ పిచికారి పదింట తొమ్మిది మార్లు నల్ల ఎలుగును నిలిపినట్లు కలదు.

తుపాకి తీసికొనవద్దని వ్రాసితిని. ఆ మిత్రులకు ధర్మోపన్యాసము చేయవద్దనియు వ్రాసితిని. అతడు తీసికొనలేదు. అయినను పిలుపును పూర్తిగ కాదనలేక, కొండమీది కర్రయింటిలో మూడు దినములు వారికి వంట చేయుటకు ఒప్పుకొన్నాడు. మొదటి దినమున ఎవరికిని జంతువు కనబడలేదు. రెండవ దినమున ఆ వృద్ధునికి ముప్పది గజముల దూరమున ఒక ఎలుగు కనబడినది. వెనుక పొద కదలినదని ఆయన కాల్చలేదు. రాత్రి అందరును పప్పు, అన్నము తినిరి. మరునాడు మరియొకరు కొట్టినారు. ఆ మాంసమును వారే వండుకొనిరి.

వేటకు పోవువారికి అన్నము పెట్టుట దాసోహమగునా, వేటలో పాలు పంచుకొనుట యగునా అని అతడు మరల వ్రాసినాడు. వచ్చు ఏడును పిలిచినచో పోయి వండి పెట్టుమని జవాబిచ్చితిని.