వైరాగ్యము – వీలునామా

వీలునామా అను మాట వినబడగానే ఇంటిలోని పెద్దలు నొచ్చుకొందురు. "శుభమా అని కూర్చున్న వేళ ఆ మాటలెందుకు?" అని ఇల్లాలు కసరుకొనును. భక్తులలో ఇంకొక ఆక్షేపణ కూడ కలదు. "భారమంతయు స్వామిపై వేసినవానికి ఈ కాగితములేల? ఇది నాది, దీనిని ఫలానావానికి ఇచ్చుచున్నాను అని వ్రాయుట మమకారమే గదా! శరణాగతి చేసినవాడు తాను పోయిన తరువాత కూడ ఆస్తిని శాసింపవలెనా?" ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. మా పెదతండ్రిగారు ఈ మాటయే చెప్పి, ఏమియు వ్రాయకుండగనే పరమపదించిరి.

ఆయన నిష్ఠాపరులు. తిరువారాధనము ముగియనిదే మంచినీరైనను ముట్టెడివారు కారు. ఆ ఇంట మూడు తరములుగా ఆరాధనమందుకొనుచున్న సాలగ్రామమూర్తులు వేంచేసియుండిరి. ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. కొద్దిపాటి పొలము, ఒక పాతయిల్లు. ఆయన పోయిన ఏడాదిలోపలనే అన్నదమ్ములకు మాటపట్టింపు వచ్చినది. దగ్గరనుండి సేవ చేసినందుకు ఇల్లు తనకే ఇత్తునని తండ్రి నోటిమాటగా అన్నాడని చిన్నవాడు చెప్పెను. అట్టి మాట తానెన్నడును వినలేదని పెద్దవాడు చెప్పెను. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడలేదనియే నా నమ్మకము. వ్యాజ్యము నడచినంతకాలము ఇంటికి తాళము పడినది. సాలగ్రామముల పెట్టె లోపలనే ఉండిపోయినది. దానిని ఎవరు తీసికొనిపోయినను పెద్దరికము వారిదగునని రెండవవారు ఒప్పుకొనలేదు. మా పెద్దమ్మగారు కూతురి ఇంట తలదాచుకొనిరి. ఆమె భాగములను గూర్చి ఒక్కనాడును అడుగలేదు. పలుకరింప వచ్చిన వారినెల్ల, "స్వామికి ఈ పూట ఆరగింపు అయినదా?" అని మాత్రము అడిగెడివారు. మేము తలలు వంచుకొనెడివారము.

అప్పటినుండి పెదతండ్రిగారి ప్రశ్నను నేను వేరు విధముగ ఆలోచించుచున్నాను. తిరుమలలో శ్రీవారి హుండీ కానుకలను లెక్కించు పరకామణిని గూర్చి పాఠకులకు తెలియనిది కాదు. అచట కూర్చున్నవారి యెదుట నాణెములు, నోట్లు రాసులుగా పడియుండును. వానిలో ఒక్కటియు వారిది కాదు. "నాది కానిదానికి లెక్క యెందుకు?" అని వారెవరైన లేచిపోవుదురా? తమది కాదు గనుకనే పైసతో సహా లెక్కింతురు. భగవద్రామానుజుల సిద్ధాంతమున జీవుడు శేషుడు, శ్రియఃపతి శేషి. జీవుడే స్వామి సొత్తయినపుడు జీవుని సొత్తు వేరుగ ఎక్కడిది? మన చేతిలోనున్నది కొంతకాలము కాపాడుమని ఇచ్చినది. దిగిపోవు భండారి తాళపుచెవులను నేలపై పారవేసి పోవుట వైరాగ్యము కాదు. పట్టీ ప్రకారము అప్పగించిపోవుట అతని విధి.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు గృహస్థాశ్రమమును విడిచిపోవుచు మైత్రేయిని పిలిచినాడు. ధనముతో అమృతత్వము లభించునా యని ఆమె అడుగుట, ఆత్మతత్త్వమును ఆయన ఉపదేశించుట మనము పురాణకాలక్షేపములలో విన్నదే. ఉపన్యాసకులు ఆ ఉపదేశము మీదికి త్వరపడుచు, అతడు మొట్టమొదట అన్న మాటను దాటివేయుదురు. నీకును కాత్యాయనికిని పంపకము చేసిపోయెదనని గదా అతడు ప్రారంభించినది! అంతటి బ్రహ్మజ్ఞాని ఇల్లు విడుచుటకు ముందు ఆ పని తలపెట్టినాడు. మైత్రేయి తనకు ధనముతో పనిలేదన్నది. అది ఆమె మహిమ. కాత్యాయనికి ఇల్లు గడువవలెను గదా. ధర్మరాజు కూడ మహాప్రస్థానమునకు ముందు పరీక్షిత్తును హస్తినాపురమునందును, వజ్రుని ఇంద్రప్రస్థమునందును నిలిపియే కదలెను.

దాయవిభాగ శాస్త్రము తెలుగువారికి క్రొత్త కాదు. పదుమూడవ శతాబ్దిలోనే కేతన విజ్ఞానేశ్వరుని మితాక్షరను తెనుగున రచించినాడు. ఇప్పుడు మనకు వర్తించునది 1956 నాటి హిందూ వారసత్వ చట్టము. వీలునామా వ్రాయక పురుషుడు మరణించినచో అతని స్వార్జితము భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు తలకొక సమభాగము చొప్పున చెందును. తండ్రి ఆ మొదటి వరుసలో లేడు. సంతతి లేని వితంతువు సంగతి ఇంకను వింతగా ఉండును. ఆమె స్వయముగ ఆర్జించినది మొదట భర్తవైపు వారసులకే పోవును. వారుండగా కన్న తల్లిదండ్రులకు రాదు. అందుచేత వీలునామా మగవారి వ్యవహారమని స్త్రీలు అనుకొనరాదు. పిత్రార్జితమున ఆంధ్రప్రదేశమునందు 1985 సెప్టెంబరు 5 నుండి, నాటికి వివాహము కాని కుమార్తెలకు, 2005 నుండి దేశమంతట కుమార్తెలందరకు కొడుకులతో సమానముగ పుట్టుకచేతనే హక్కు ఏర్పడినది. కూతురి భాగమును తనదిగ తలంచి తండ్రి వ్రాసినను అది చెల్లదు.

వ్రాయుట కష్టము కాదు. తెల్లకాగితము చాలును, స్టాంపు అక్కరలేదు. వ్రాసినవాడు సంతకము చేయగా చూచి ఇద్దరు సాక్షులు సంతకములు చేయవలెను. ఆస్తి పొందువారిని సాక్షులుగ పెట్టకుండుట మేలు. రిజిస్ట్రేషను నిర్బంధము కాదు గాని, చేయించినచో తరువాతి తగవులు తగ్గును. ఎన్నిమారులైనను మార్చుకొనవచ్చును; చివరిదే చెల్లును. బ్యాంకు డిపాజిట్టుకు నామినీ పేరు వ్రాసితిమి గదా యని నిశ్చింతగ ఉండువారు కలరు. నామినీ సొమ్మును అందుకొనువాడే గాని యజమాని కాడు. మరికొందరు ప్రేమకొలది బ్రతికియుండగనే దానపత్రము వ్రాసి, తరువాత కోడలి ముఖము చూచి అన్నము తినవలసివచ్చినదని వగతురు. తమను పోషింపవలెనను షరతు ఆ పత్రములో ఉన్నయెడల, పోషణ జరుగనపుడు రద్దు కోరుటకు 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టము వీలు కల్పించినది. షరతు వ్రాసికొననివారికి చిక్కే.

ఈ పుటలలో ఇది వ్రాయవచ్చునో లేదో తెలియదు గాని, ఒక మాట చెప్పక తప్పదు. ఇల్లాలికి నిలువనీడ లేకుండ సర్వమును దేవాలయమునకు వ్రాయు భక్తులు కొందరున్నారు. తనవారు దుఃఖించుచుండగా పరులకిచ్చు దానము ధర్మమువలె కనబడునే గాని ధర్మము కాదని మనువే చెప్పినాడు. ఆశ్రితుల గ్రాసము తీర్చిన పిమ్మట మిగిలినదే కైంకర్యమునకు శోభ. అట్లే, సేవచేసిన బిడ్డకు ఒకపాలు ఎక్కువ వ్రాయదలచినచో వ్రాయవచ్చును. కాని కారణమును కూడ వ్రాసి, బ్రతికియుండగనే అందరిని కూర్చుండబెట్టి చెప్పవలెను. తక్కువ వచ్చినవానికి నొప్పి కలిగించునది ఆ ఎకరము కాదు, తండ్రి తనను దాచి చేసినాడన్న తలంపు.

గత సంవత్సరము నేనును వ్రాయుటకు కూర్చుంటిని. మొదటి వాక్యము పొలమును గూర్చి కాదు, మా ఇంటి పెరుమాళ్లను గూర్చి. చిన్నవానిని పిలిచి అడిగితిని. "ఊళ్లు తిరిగే ఉద్యోగము. నిత్యారాధనము నా చేత జరుగదేమో నాన్నగారూ" అని కన్నుల నీరు పెట్టుకొని చెప్పినాడు. పెద్దవాడు విదేశమున ఉన్నాడు. అల్లుడిగారిని అడుగగా ఆయన ఒక రాత్రి గడువు కోరి, మరునాటి ఉదయము స్నానముచేసి వచ్చి సరేననెను. ఆయన పేరు వ్రాసి, అందరి యెదుట చదివి వినిపించితిని. పెట్టె ఎచట ఉండునో, తీర్థపు గిన్నె ఎవరిదో కూడ వ్రాసితిని. పొలము సంగతి అటుపిమ్మట వ్రాసితిని. అది నాలుగు పంక్తులలో తేలిపోయినది.