లడ్డూ వేలం డబ్బుతో సేవ: సిగ్గుపడాల్సింది ఎవరు?



వినాయక చవితి వీడియోలో పూజా విధానం, 21 రకాల పత్రి, వ్రత కథ చెప్పుకున్నాం. చందాల సంగతికి టైమ్ సరిపోలేదు. అది ఇక్కడ మాట్లాడుకుందాం. నేను పండితుడిని కాదండి. పగలు కోడ్ రాసే ఉద్యోగం, చవితి రోజుల్లో సాయంత్రం మా కాలనీ ఉత్సవ కమిటీ లెక్కలు రాసే పని.

హైదరాబాద్‌లో చాలా కాలనీల్లాగే మా దగ్గరా నిమజ్జనం అయ్యాక కొంత డబ్బు మిగులుతుంది. దానికి లడ్డూ వేలం డబ్బు తోడవుతుంది. దాంతో పక్క బస్తీ పిల్లల ఫీజులు, ప్రభుత్వ బడికి ఫ్యాన్లు, ఎండాకాలం చలివేంద్రం నడుస్తాయి. ప్రతి ఏడూ మీటింగ్‌లో రెండు ప్రశ్నలు వస్తాయి. దేవుడి పేరున తీసుకున్న డబ్బు వేరే పనికి వాడొచ్చా? గొప్ప కోసం పాడిన పాటలో పుణ్యం ఏముంటుంది?

మొదటి ప్రశ్నకి జవాబు కష్టం కాదు. ఇంట్లో చేసుకునే గణపతి పూజని 1893లో తిలక్ గారు పుణేలో వీధి పండగగా పెద్ద ఎత్తున నడిపించారు. జనాన్ని ఒకచోట చేర్చడమే అందులో ముఖ్య ఉద్దేశం. అంటే మండపం ఎప్పుడూ ఒక్క పూజ కోసమే లేదు. గీత మూడో అధ్యాయం ఇంకా గట్టిగా చెబుతుంది. దేవతలు ఇచ్చింది తిరిగి ఇవ్వకుండా తానొక్కడే అనుభవించేవాణ్ణి దొంగ అంటుంది. పదిమంది ఇచ్చింది పదిమందికే చేరడం ధర్మం తప్పడం కాదు, ధర్మం పూర్తవడం.

కానీ ఒక షరతు ఉంది. ఆ మాట చందా తీసుకునే ముందే చెప్పాలి. అలంకరణకి అని తీసుకుని ఫ్యాన్లు కొంటే, పని మంచిదే అయినా ఇచ్చినవాళ్లకి చెప్పిన మాట తప్పినట్టే. మా రసీదు మీద ఒక లైను అచ్చు వేయిస్తాం: ఖర్చులు పోను మిగిలింది సేవకి. ఇష్టం లేనివాళ్లు పూజ ఖర్చుకే ఇస్తారు, అదీ వేరేగా రాస్తాం.

రెండో ప్రశ్న కొంచెం లోతైనది. బాలాపూర్ లడ్డూ తెలియనివాళ్లు ఉండరు. 1994లో మొదటిసారి 450 రూపాయలకి పాడారు. 2025లో అది 35 లక్షలకి వెళ్లింది. అదే ఏడాది బండ్లగూడ జాగీర్‌లో ఒక విల్లా కమ్యూనిటీ లడ్డూ 2.32 కోట్లు పలికింది. బాలాపూర్‌లో ఆ డబ్బు ఊరి పనులకి, బండ్లగూడలో సేవా కార్యక్రమాలకి వెళ్తుందని అక్కడివాళ్లు చెబుతారు. పాడేవాళ్లలో భక్తి ఉంటుంది, నమ్మకం ఉంటుంది. పేపర్లో ఫొటో పడాలన్న కోరిక కూడా ఉండొచ్చు. ఎవరి మనసులో ఏముందో మనం చూడలేం కదా.

గీత పదిహేడో అధ్యాయంలో దానం మూడు రకాలు. తిరిగి ఏమీ చేయలేనివాళ్లకి, ఇవ్వడం నా ధర్మం అనుకుని ఇచ్చేది సాత్త్వికం. ఫలం ఆశించి ఇచ్చేది రాజసం. గౌరవం లేకుండా, చులకనగా ఇచ్చేది తామసం. ఇక్కడ ఒకటి గమనించండి. రంగు పడింది నోటుకి కాదు, ఇచ్చే తీరుకి. వేలంలో పాడినాయన దానం రాజసం అయితే ఆ లెక్క ఆయనది. అదే డబ్బు కమిటీ చేతికొచ్చాక ఇంకోసారి దానం అవుతుంది. ఈసారి ఇచ్చేది మనం. అది సాత్త్వికమా, తామసమా అన్నది మన చేతుల్లోనే ఉంది.

ఇదంతా నాకు పుస్తకంలో అర్థం కాలేదు, మీటింగ్‌లో అర్థమైంది. ఒకసారి మా దగ్గర ఒక వాచ్‌మన్ కూతురికి ఇంటర్ ఫీజు కట్టాలని అనుకున్నాం. "పాపను స్టేజీ మీదకి పిలిచి చెక్కు ఇద్దాం, పాడినాయన చేతుల మీదుగా. ఆయనకీ బాగుంటుంది" అన్నారొక పెద్దాయన. చెడు ఉద్దేశం కాదు, అందరూ చేసేదే. మర్నాడు పాప వాళ్లమ్మ వచ్చి, "ఫీజు కడితే మీకు దండం పెడతాను సార్. మైకులో మాత్రం పేరు చెప్పకండి. రేపు కాలేజీలో తలెత్తుకోలేనని ఏడుస్తోంది" అంది.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యుడికి గురువు దానం గురించి చెబుతాడు. శ్రద్ధతో ఇవ్వమంటాడు, సిగ్గుతో ఇవ్వమంటాడు. సిగ్గుపడమన్నది తీసుకునేవాణ్ణి కాదు, ఇచ్చేవాణ్ణి! ఇంత ఉండి ఇంతే ఇస్తున్నానే అన్న సంకోచం మనకి ఉండాలి. మనం ఆ సిగ్గుని తీసుకెళ్లి పదహారేళ్ల పిల్ల మీద పెడుతున్నాం, పైగా లైటింగ్ వేసి.

చివరికి ఫీజు నేరుగా కాలేజీకి కట్టాం. నోటీసు బోర్డు మీద "విద్యకి" అని మొత్తం మాత్రమే రాశాం. లడ్డూ పాడినాయనకి శాలువా కప్పాం, అందులో తప్పేం లేదు. ఇచ్చినవాళ్లకి మెచ్చుకోలు కావాలంటే ఇవ్వొచ్చు. దానికి ఇంకొకరి పేదరికం బ్యానర్ కాకూడదు, అంతే.

"ఫొటో లేకపోతే నమ్మేదెవరు, వచ్చే ఏడు చందా ఎవరిస్తారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నమ్మకానికి కావాల్సింది లెక్క, మనిషి ముఖం కాదు. బిల్లులు, కాలేజీ రసీదులు ఫైలులో ఉంటాయి. చందా ఇచ్చిన పెద్దల్లో ఇద్దరు వచ్చి చూసి సంతకం పెడతారు. చందా కొంచెం తగ్గినా పరవాలేదు. ఒక పిల్ల తల దించుకుంటే వచ్చే డబ్బు విఘ్నేశ్వరుడికి అక్కర్లేదు.

ఈ చవితికి మీ మండపంలో సేవ చేయాలనుకుంటే, స్టేజీ కట్టకముందే కమిటీలో అన్నలని, అంకుల్స్‌ని ఒక మాట అడగండి: "ఆ కుర్చీలో మన చెల్లెలు ఉంటే ఇలాగే ఇస్తామా?" జవాబు వాళ్లే చెబుతారు.

అందరికీ ఆ గణనాథుడి ఆశీస్సులు ఉండాలి. జై గణేశ!