మీ సొంతవూరేది?

సౌకార్‌పేటలో కాపురముండు తెలుగువారికి తరచుగా ఎదురగు ప్రశ్న యొకటి కలదు. కూరగాయల బండి యొద్దను, బిడ్డలను పాఠశాలలో చేర్చు నాడును, అద్దెయిల్లు చూడబోయిన చోటను, రైలులో ప్రక్కవారు పలుకరించినప్పుడును, మన మాటలోని యాస చెవిని బడగానే, "ఉంగ సొంద ఊరు ఎదుంగ?" అని అడుగుదురు. "ఈ వూరే" అని చెప్పుదుము. "అది సరి, సొంతవూరు?" అని మరల అడుగుదురు. మా తాత పుట్టినది ఈ వూరే, ముత్తాత కన్ను మూసినది ఈ వూరే అని చెప్పినను అడిగినవారి ముఖమున తృప్తి కానరాదు. తుదకు మనమెన్నడును చూడని నెల్లూరు జిల్లా గ్రామ మొకదాని పేరు చెప్పినగాని వారి మనస్సు కుదుటపడదు.

ఇది బాధయా? బాధయని చెప్పుకొనుటకు సిగ్గగును. కాదని త్రోసివేయుటకు మనసొప్పదు. కొట్టినవారు లేరు, తిట్టినవారు లేరు, తరిమినవారు లేరు. అయినను దినదినము కాలిలో నాటుకొను చిన్న ముల్లువంటిది ఏదో కలదు. పరాయివాడుగా నెంచబడు మనుష్యుడు ఇట్టి చిన్న నొప్పులను ఎంతవరకు లెక్కింపవలెను? ఎంతవరకు మరచిపోవలెను? ఓర్చుకొనుట సుగుణమా, లేక పిరికితనమునకు మంచి పేరా? మన సంఘమున పెద్దలును పిన్నలును తలకొక తీరుగ సమాధానము చెప్పుచున్న ఈ ప్రశ్నను కొంచెము నిదానముగా విచారింతము.

మొదట ఆ చికాకులెట్టివో చూతము. మన పేరు ముందర ఇంటిపేరుండును. ఇక్కడివారి పేరు ముందర తండ్రి పేరులోని తొలి అక్షరముండును. ఒక కచేరీలో గుమాస్తా మా కాగితము చూచి, "తండ్రి పేరు వేరుగా నున్నదే, ఈ అక్షరమెవరిది?" అని అడిగెను. ఇంటిపేరని చెప్పితిమి. "ఇంటికి పేరెందులకు? తలుపు నంబరు చాలదా?" అని ఆయన నవ్వెను. ఆ నవ్వులో విషము లేదు, మేమును నవ్వితిమి. కాని ఆ కాగితము మూడుమారులు తిరిగి వ్రాయవలసి వచ్చెను.

మాటల వలన గలుగు చిక్కులు మరికొన్ని. దుకాణదారు సంచి కావలెనా యని యడుగగా మేము తమిళముననే జవాబు చెప్పబోయి, మన అలవాటు చొప్పున "అవసరము" అను మాటను వాడి, అది లేదంటిమి. తమిళమున అవసరమనగా తొందర. మాకు తొందర లేదని గ్రహించి ఆయన మమ్ము విడిచి తరువాత వచ్చినవారికి సరకు తూచి యిచ్చెను. ఇక బడిపిల్లల ఆటలలోను, సినిమా హాస్యములోను మనవారిని ఎగతాళిగ పిలుచు పేరొకటి యున్నది. దానిని పాఠకులెరుగుదురు గనుక ఇచట వ్రాయ నక్కరలేదు.

ఇంతటితో తీరినదా? పెండ్లికో పండుగకో గుంటూరు, విజయవాడ వైపు పోయితిమా, అక్కడి బంధువులు మన మాట విని ముసిముసి నవ్వులు నవ్వుదురు. మాట నడుమ "వచ్చి" అను ఊతపదమును దొర్లింతుమట. "మీది అరవతెలుగు" అందురు. "మీ బిడ్డలకు తెలుగు చదువ వచ్చునా?" అని జాలిపడుదురు. ఇక్కడ తెలుగువారము, అక్కడ మద్రాసువారము. రెండు భాషలలోను పరదేశి యను మాటకు పై వూరివాడను అర్థముతో పాటు దిక్కులేనివాడను అర్థము కూడ కలదు. రెండు చోట్లను అడుగబడినవానికి ఆ రెండవ అర్థము కొంచెము తెలియును.

ఈ చికాకులకు మన పెద్దలు చెప్పు మొదటి సమాధానము ఓర్పు. "మనము వచ్చి చేరినవారము. ఇచ్చిన అన్నము తినుచు ఇంటివారి మాటకు నొచ్చుకొనరాదు. అతిథికి ఓర్పే భూషణము" అందురు. ఇందు కొంత మంచితనము కలదు గాని, పునాది సరియైనది కాదు. అతిథి యనగా మరల పోవువాడు. పోవుటకు వేరొక యిల్లు గలవాడు. మనకు ఆ యిల్లు ఏది? 1952 డిసెంబరు 15వ తేదీన ఆంధ్రరాష్ట్రము కొరకు నిరశనవ్రతమున ప్రాణములు విడిచిన పొట్టి శ్రీరాములుగారు పుట్టినదే, 1901లో, మన ప్రక్కనే, జార్జిటవును అణ్ణాపిళ్లై వీథిలో. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడెను. ఆయన పుట్టిన వీథి అందు చేరలేదు. మనమును చేరలేదు. 1969 జనవరి 14న మనముండు రాష్ట్రమునకు తమిళనాడని పేరు వచ్చెను. 1996లో నగరమునకు చెన్నై యని పేరు వచ్చెను. ఈ మార్పులన్నిటిలోను మనము ఇల్లు కదిలించినది లేదు. 2011 జనాభా లెక్కలలో ఈ రాష్ట్రమున తెలుగు మాతృభాషగా చెప్పినవారు 42 లక్షలకు పైబడి యుండిరి. ఇందరు అతిథులుండు ఇల్లెక్కడ నున్నది?

పిన్నవారు చెప్పు రెండవ సమాధానము చరిత్ర. "1639లో ఈ నేలను ఆంగ్ల వర్తకుల కిప్పించినది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. చెన్నై యను పేరే ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరు. మన పేట పూర్వపు పెద్దనాయకునిపేట భాగము. ఆ పెద్దనాయకులు నగరరక్షకులుగా నుండిన మనవారే. కొత్వాల్‌చావడిలో కన్యకాపరమేశ్వరీ దేవాలయము కట్టినది మన వైశ్యులు. మనలను పరాయివారనుటకు వీరెవరు?" అందురు. వినుటకు ఇది ఉత్సాహకరముగ నుండును. 1953కు పూర్వము మద్రాసు మనదే యని నినాదము చేసినవారి గొంతు ఇందు వినవచ్చుచున్నది.

కాని ఈ వాదము పట్టుకొన్నవాని చేతినే కోయు కత్తి. ముందు వచ్చినవానికే హక్కనినచో, వెనుక వచ్చినవానికి హక్కు లేదని మనమే ఒప్పుకొన్నట్లు. అప్పుడు మనకన్న ముందొకడు కనబడిననాడు మనకు నోరుండదు. పైగా చరిత్ర మనకు కావలసిన సాక్ష్యమే చెప్పునా? 1707లో, థామస్ పిట్ గవర్నరుగా నున్న కాలమున, ఇవే వీథులలో ఎవరి ఊరేగింపు ఏ వీథిన పోవలెనని కుడిచేతి కులములవారును ఎడమచేతి కులములవారును ఘోరముగ కలహించిరి. కోమట్లొక పక్షము, బేరిచెట్లు వేరొక పక్షము. నాడు పరాయివాడెవడను ప్రశ్నకు భాష ప్రమాణము కాదు, కులము ప్రమాణము. ప్రమాణము మారినది గాని, గీత గీయు చేతి అలవాటు మారలేదు. ఆ చేయి మనది కూడ.

మనది కూడ అనుటకు మాకు కారణము కలదు. మా యింటి మేడమీద ఒక మార్వాడీ కుటుంబము మూడు తరములుగా కాపురమున్నది. మా అవ్వగారు వారిని కడవరకు "ఉత్తరాదివారు" అనియే పిలిచిరి. వారింటి యజమాని మాకు సేటు. వడ్డీవ్యాపారమును గూర్చిన హాస్యములన్నియు ఆయన మెట్లెక్కు చప్పుడు వినబడినప్పుడే మా యింట పుట్టెడివి. ఆయనది బట్టల వ్యాపారము. కొన్నియేండ్ల క్రిందట ఆయన మనుమరాలు కళాశాలలో చేరిన సంతోషమున మిఠాయి తీసికొని మా యింటికి వచ్చినది. ఆశీర్వదించితిమి. మాటల నడుమ, "మీ సొంతవూరేదమ్మా?" అని అడిగితిమి. "ఇంద ఊరు దాన్, అంకుల్" అని ఆ పిల్ల చక్కని తమిళమున చెప్పినది. "అది సరే, సొంతవూరు?" అని మేము మరల అడిగితిమి.

ఆ పిల్ల ముఖమున ఒక చిన్న నవ్వు వచ్చి పోయినది. ఆ నవ్వు మాకు తెలిసినదే. ఎన్నో మారులు మేము నవ్వినదే. తన తాత చెప్పగా విన్న రాజస్థాన గ్రామమొకటి పేరు చెప్పి ఆమె వెడలిపోయినది. మిఠాయి పళ్లెము చేత బట్టుకొని మేము చాలసేపు నిలిచి యుంటిమి. మూడు తరములుగా మనలను నొప్పించిన మాటను మనమే పలికితిమి. పలుకునప్పుడు మన మనస్సున ద్వేషమేమియు లేదు. అప్పుడు రెండు విషయములు తెలిసినవి. ఒకటి, మనలను అడుగువారిలో పెక్కండ్రకు ద్వేషము లేదు. రెండు, ద్వేషము లేకుండుట వలన నొప్పి లేకుండ పోదు.

ఇదియే కాదు. తమిళులను మనము "అరవవారు" అందుము. ఫలితము లేని చాకిరికి అరవచాకిరి యని పేరు పెట్టితిమి. ఈ మాటలు మన నోట ఎంత సులువుగ వచ్చునో, మనలను గూర్చిన ఎగతాళి పేరు వారి నోట అంత సులువుగ వచ్చుచున్నది. నేడు మన దుకాణములలో మూటలు మోయుటకు బీహారు నుండియు అస్సాము నుండియు వచ్చు పడుచువారిని పేరడుగువారెందరు? అందరును మనకు "హిందీవారే."

చిన్న మాట గదా యని దీనిని విడిచిపెట్టరాదు. మన పేటకు సమీపమున, రేవు ప్రక్క, బర్మాబజారు కలదు. బర్మాలో 1962 తరువాత సైనిక ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేయగా, సర్వస్వము విడిచి వచ్చినవారి జీవనము కొరకు 1969లో అది వెలసినది. అంతకుముందే, 1930 మే నెలలో, రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి కొరకు సమ్మె చేసిరి. వారి స్థానమున బర్మావారిని పనిలో పెట్టి, సమ్మె తీరగానే తొలగించిరి. ఆ రోషము వర్తకుల మీదికి పోలేదు. కూలి కూలి మీద పడెను. నూరుమందికి పైగా మరణించిరి. మనవారిని అక్కడ "కోరంగివారు" అనెడివారు. గోదావరి ముఖమునందలి రేవుపేరు అది. వట్టి వూరిపేరే. ఒకనాటి యుదయమున ఆ వూరిపేరు చంపదగినవానికి గుర్తయ్యెను. ప్రతి ఎగతాళియు అట్టి పర్యవసానమునకు పోవునని మేమనుట లేదు. కాని మనుష్యుని పేరు మరచి వూరిపేరుతో పిలుచుట అలవాటైనచోట, కష్టకాలమున ఆ మనుష్యుడు కనబడడు.

కావున ఓర్పును గూర్చిన ప్రశ్నకు మాకు తోచిన సమాధానమిది. తెలియక అడిగినవానికి ఓపికతో చెప్పవలెను. అలవాటుచే అన్నవానికి నవ్వుచు, అయినను స్పష్టముగ, నొప్పించినదని తెలుపవలెను. కాని ప్రశ్నకు మనము చెప్పు జవాబును బట్టి తలుపు మూయబడునెడల, అనగా ఇల్లు అద్దెకు లేదనియో, ఉద్యోగము లేదనియో, బిడ్డకు బడిలో చోటు లేదనియో చెప్పబడునెడల, అది చికాకు కాదు, అన్యాయము. అచ్చట ఓర్పు సుగుణము కానేరదు.

భాష విషయమును ఇట్లే విడదీయవలెను. 2006లో తమిళనాట తమిళము నేర్చుట చట్టము వచ్చి, ఒకటవ తరగతి మొదలు ఏటేట పై తరగతులకు ప్రాకినది. తమిళము నేర్చుట మనకు చికాకు కారాదు. ఇరుగుపొరుగువారి భాష నేర్చుట కాపురముండువాని కనీసధర్మము, అందువలన లాభమును మనదే. కాని తెలుగు తరగతి మూతపడుట వేరు సంగతి. ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు తగిన వసతులు కల్పింపవలెనని రాజ్యాంగము 350-ఎ అధికరణమున చెప్పినది. దానిని అడుగుట కృతఘ్నత కాదు. ఆ తరగతికి మన బిడ్డలను పంపకయే అది మూతపడినదని దుఃఖించుట మాత్రము న్యాయము కాదు.

అన్నిటికన్న ముఖ్యమైనది, మనకు తగిలిన ముల్లును తీసి ఇంకొకరి దారిలో వేయకుండుట. పరాయితనము రుచి చూచినవాడు ఇతరులయెడ మెత్తబడునని సామాన్యముగ తలంతుము. అది తనంతట జరుగదు. మా మిఠాయి పళ్లెమే సాక్షి. దానిని ప్రయత్నముచే నేర్వవలెను. తమిళుని మనమేమని పిలుచుచున్నామో, మేడమీదివారిని బిడ్డల యెదుట ఏమని చెప్పుకొనుచున్నామో చూచుకొనుటతో ఆ ప్రయత్నము మొదలగును.

మొన్న మా వీథిలోని కూరగాయల బండివాడు, క్రొత్తగా వచ్చినవాడు, యథాప్రకారము "సొంద ఊరు?" అని అడిగెను. "ఈ వూరే. మీది?" అంటిమి. అతడు తరాజు క్రింద పెట్టి, తిరువణ్ణామలై ప్రక్క ఒక పల్లె పేరు చెప్పెను. అక్కడ చెరువు ఎండినదట, పొలము అమ్మినారట, ఇరువదియేండ్లుగా పోలేదట. ఇక్కడివారు తన మాటను వెక్కిరింతురని కూడ చెప్పెను. వంకాయలు తూచుట మరచి చాలసేపు మాటలాడితిమి. మనలను పరాయివారుగా అడుగువారిలో ఎందరు తామును ఎక్కడినుండియో వచ్చినవారో, తిరిగి అడుగనిదే మనకు తెలియదు. ఇంతకాలము జవాబు చెప్పుటయే కష్టమనుకొంటిమి. ఆ ప్రశ్నను ప్రేమతో తిరిగి అడుగవచ్చునని తోచలేదు.