స్నేహితుల మధ్య కాగితం ఎందుకు?

"మనలో మనకు కాగితాలు ఎందుకురా?" ఈ మాట మనం ఎన్నిసార్లు వినలేదు! చిన్ననాటి స్నేహితులు ఇద్దరు ముగ్గురు కలిసి ఏదైనా మొదలుపెట్టేటప్పుడు ముందుగా వచ్చే మాట ఇదే. అది కిరాణా దుకాణం కావచ్చు, టిఫిన్ సెంటర్ కావచ్చు, ఈ రోజుల్లో యువకులు ఉత్సాహంగా పెడుతున్న హాస్య చిత్రాల సంస్థ కావచ్చు. లెక్క అడగడమంటే స్నేహాన్ని శంకించడమేనని మనం భావిస్తాము. నిజంగా అంతేనా? నమ్మకం ఉన్నచోట రాతకోతలు అవసరం లేదా? కాస్త ఆలోచిద్దాం.

హాస్యం వ్యాపారమైనప్పుడు ఈ ప్రశ్న మరింత జటిలమవుతుంది. దుకాణంలోకి బియ్యం బస్తా ఎవరి డబ్బుతో వచ్చిందో చెప్పవచ్చు. కాని నవ్వు ఎవరి సొత్తు? ఒకరు సగం మాట అంటారు, మరొకరు దాన్ని పూర్తి చేస్తారు, ఇంకొకరు ముఖం పెట్టిన తీరుకు జనం నవ్వుతారు. డబ్బు రానంత కాలం అది 'మనది'. డబ్బు వచ్చిన రోజున 'నాది' అనే మాట మెల్లగా తలెత్తుతుంది.

ఇంగ్లండుకు చెందిన మాంటీ పైథాన్ బృందాన్నే తీసుకోండి. జాన్ క్లీజ్, గ్రాహం చాప్‌మన్, ఎరిక్ ఐడిల్ కేంబ్రిడ్జ్‌లో చదివారు. మైకేల్ పాలిన్, టెర్రీ జోన్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. టెర్రీ గిలియం అమెరికా నుండి వచ్చారు. ఈ ఆరుగురూ 1969లో బిబిసి టెలివిజన్‌లో హాస్య కార్యక్రమం ప్రారంభించారు. వేర్వేరుగా రాసుకొచ్చి ఒకరికొకరు చదివి వినిపించుకునేవారు. అందరినీ నవ్వించినదే నిలిచేది. 1973లో తమదైన ఒక చిన్న సంస్థను కూడా నెలకొల్పుకున్నారు.

1975లో వారి 'హోలీ గ్రెయిల్' చిత్రం విడుదలైంది. మూడు దశాబ్దాల తర్వాత, 2005లో, ఆ చిత్రం ఆధారంగా వచ్చిన సంగీత నాటకం అమెరికాలో ఘన విజయం సాధించింది. అప్పుడు బయలుదేరింది వివాదం! అందులో తన వాటా ఎంత అని ఆ చిత్ర నిర్మాత న్యాయస్థానానికి వెళ్ళారు. దాదాపు 40 ఏళ్ళ క్రితం ఎవరు ఏమన్నారో, ఏ ఉద్దేశంతో ఒప్పుకున్నారో ఇరుపక్షాలవారూ గుర్తు చేసుకోవలసి వచ్చింది. 2013లో లండన్ హైకోర్టు నిర్మాత పక్షాన తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది జులైలో, అప్పటికి జీవించి ఉన్న ఐదుగురూ వృద్ధాప్యంలో తిరిగి వేదికనెక్కి 10 ప్రదర్శనలిచ్చారు. కోర్టు ఖర్చుల భారం కూడా అందుకు ఒక కారణం. 2024లో ఐడిల్ తమ ఆదాయం పడిపోయిందని, సంస్థ నిర్వహణ బాగాలేదని బహిరంగంగా వాపోయారు. క్లీజ్ ఆ మాటతో విభేదించారు.

వీరిలో ఎవరు మంచివారు, ఎవరు చెడ్డవారు అని తేల్చడం మన పని కాదు. మనం గ్రహించవలసింది వేరే ఉంది. మోసం చేసే ఉద్దేశం ఎవరికీ లేకపోయినా జ్ఞాపకం మోసం చేస్తుంది. ఒకే మాటను ఇద్దరు నిజాయితీపరులు రెండు రకాలుగా గుర్తుంచుకోగలరు. పైగా మరణం ఎవరినీ వదలదు. 1989లోనే చాప్‌మన్ కన్నుమూశారు. భాగస్వామి పోయిన తర్వాత అతని వాటా వారసులకు చేరుతుంది. కాని అతని స్నేహం వారసులకు చేరదు! నిన్నటివరకు కంటిచూపుతో అర్థమైన లెక్క, రేపు అతని భార్యాబిడ్డలకు ఎలా అర్థమవుతుంది?

అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోమని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 282వ ఆయతులో ఆదేశించింది. ఆ ఆదేశం ఎవరిని ఉద్దేశించినది? పరస్పరం అనుమానించుకునే శత్రువులను కాదు, విశ్వాసులనే! అంటే రాసుకోవడం అపనమ్మకానికి గుర్తు కాదన్నమాట. ఆ వెంటనే 283వ ఆయతు, పరస్పర నమ్మకంతో జరిగే వ్యవహారాన్ని కూడా ప్రస్తావించి, నమ్మకం పొందినవాడు అమానతును తిరిగి అప్పగించాలని గుర్తు చేసింది. రాతా కావాలి, నీతీ కావాలి.

అయితే కాగితం ఉంటే చాలునా? చాలదు. కాగితంలోని మాటకు ఇద్దరూ ఒకే అర్థం చెప్పుకోవాలి. కొత్త ఆదాయ మార్గం వచ్చినప్పుడల్లా కూర్చుని దాన్ని తిరగరాసుకోవాలి. లెక్కల పుస్తకం అందరి ముందూ తెరిచి ఉండాలి. నవ్వించేవారికి మరో ప్రమాదం కూడా ఉంది. మనసులోని నొప్పిని వారు జోకుగా మార్చి అనేస్తారు. తోటివారు నవ్వి ఊరుకుంటారు. నొప్పి మాత్రం లోపలే పుండుగా మారుతుంది. అడగవలసినది సూటిగా అడగడమే మేలు.

వీటన్నింటికీ మించినది వదులుకునే గుణం. మన బాపు రమణలు మద్రాసులో బడి రోజుల నుండి స్నేహితులు. 1967లో 'సాక్షి' మొదలుకొని ఎన్నో చిత్రాలకు కలిసి పనిచేశారు. రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో జీవించాయి. 2011లో రమణ మరణం వరకు ఆ బంధం చెక్కుచెదరలేదు. అంత పెద్ద మనసు అందరికీ ఉండకపోవచ్చు. దాన్ని చూపి "మాకూ కాగితం అక్కర్లేదు" అనుకోవడం మాత్రం మనల్ని మనం మోసగించుకోవడమే.

కనుక మిత్రునితో కలిసి పని ప్రారంభించేవారు మొదటి రూపాయి రాకముందే కూర్చుని రాసుకోవాలి. అప్పుడు మనసులు తేలికగా ఉంటాయి, ఇవ్వడానికి చేతులు వెనుకాడవు. వాటా హెచ్చుతగ్గులైతే మరోసారి సంపాదించుకోవచ్చు. చిన్ననాటి స్నేహితుణ్ణి పోగొట్టుకుంటే ఏ సంపాదనతో కొనగలం?